అతుక్కుపోయిన పదహారు పేజీలు

భాద్రపద అమావాస్య. ఉప్పు 412.

ఇది మూడో కట్ట. మొదటి రెండూ సముద్రంలో ఉన్నాయి.

చిట్టాలో వారం బదులు తిథి రాయడం లాకులు చూసుకునే మా లస్కర్ల అలవాటు. సముద్రానికి ఆదివారం తెలియదు, అమావాస్య తెలుసు. పోటు వచ్చే ముందు లాకు తలుపులు మూయాలి, సముద్రం వెనక్కి తగ్గే పాటు వేళ తెరిచి లోపలి మురుగునీళ్ళు బయటికి వదలాలి. తలుపులు ఆరు. వాటి వెనక నాలుగు వేలమంది జనం, ఒక మంచినీళ్ళ చెరువు.

నా పేరు మోకా ఏడుకొండలు. డెబ్భై ఒకటి నిండాయి. మా తాత చక్రం తిప్పి తలుపులెత్తేవాడు, నడుం పోయింది. నేను కూర్చుని మీటలు నొక్కి తలుపుల్ని నడిపే ప్రోగ్రాం రాశాను, మోకాళ్ళు పోయాయి. మూడు తరాల అభివృద్ధిలో నొప్పి ఒక జానెడు కిందికి దిగింది.

పొద్దున్నే చెరువు గట్టున ఉప్పు మీటరు చూశాను. నాలుగొందల పన్నెండు. పోయిన అమావాస్యకి మూడొందల నలభై. ఆరొందలు దాటితే ఆ నీళ్ళు తాగడానికి పనికిరావని రాసేస్తారు, మర్నాడు పడవలొస్తాయి, అందరినీ ఎగువ శిబిరానికి తరలిస్తారు. రెండో కట్ట వాళ్ళని పదకొండేళ్ళ కిందట అలాగే తాత్కాలికంగా తరలించారు. మా బావమరిది ఇప్పటికీ అక్కడే ఉన్నాడు, తాత్కాలికంగా.

సముద్రం ముందుకొస్తోందని ఊరంతా అంటున్నారు. పోటు వేళ కన్నా ముందే నీళ్ళు లోపలికొస్తున్న మాట నిజమే. పైఆఫీసుకి రాశాను. మనిషిని పంపుతామన్నారు.

ఆశ్వయుజ శుద్ధ విదియ. ఉప్పు 447.

మనిషి వచ్చింది. పాతికేళ్ళ అమ్మాయి, పేరు ఎస్తేరు. ఎగువబడిలో నాలుగేళ్ళు చదివి, అరవై ఒక్క పేపర్లు రాసి, ప్రోగ్రాం పట్టా తెచ్చుకుంది. పట్టా బిళ్ళ ఓణీకి గుచ్చుకునుంది. చంకలో తెర పలక, పలకలో యంత్రపు సహాయకుడు. ఈ కాలం ప్రోగ్రాములన్నీ రాసేది ఆ సహాయకుడే.

పడవ దిగుతూనే అడిగింది. "ఏడుకొండలు గారంటే మీరేనాండీ? ఈ ప్రోగ్రాం రాసిన ఇంజినీరు ఎవరు?"

"నేనే."

"మీరు చూసుకుంటున్నారు, తెలుసు. మొదట రాసినవాళ్ళు?"

"మొదటా నేనే, చివరా నేనే. మధ్యలో ఒకసారి మా ఆవిడ దుమ్ము దులుపుతూ ఒక మీట నొక్కింది. బయటి సాయం అదొక్కటే."

"ఎక్కడ చదివారండీ?"

"ఈ బల్ల మీదే."

నవ్వలేదు. రాసుకుంది. తర్వాత ప్రోగ్రాం తెరిచి, ఒక పేరు మీద వేలు పెట్టింది.

"పెద్దత్త అంటే ఏంటండీ ఇక్కడ?"

"పోటు. చెప్పకుండా వస్తుంది, వస్తే ఇల్లంతా నిండుతుంది."

"చిన్నల్లుడు?"

"ఆరో తలుపు. పదిసార్లు పిలిస్తే గానీ కదలడు."

అదీ రాసుకుంది. నాకు జాలేసింది. ఎవరి మీదో తేల్చుకోలేకపోయాను.

అడిగింది కాబట్టి ఇక్కడ రాసి పెడతాను. నాకు ముప్పై తొమ్మిదేళ్ళప్పుడు రెండో కట్ట బడి మూసేశారు. తుపాను నీళ్ళలో నానిన పుస్తకాలు తూకానికి అమ్మారు. కిలోన్నర తెచ్చాను. అందులో ఒకటి ప్రోగ్రామింగు పుస్తకం. నూట పదమూడో పేజీ నుంచి నూట ఇరవై ఎనిమిది దాకా పదహారు పేజీలు అతుక్కుపోయి చెక్కముక్కలా ఉన్నాయి. విడదీస్తే చిరుగుతాయని భయపడ్డాను. విషయసూచికలో ఆ పాఠం పేరు మాత్రం కనిపించింది: సంఖ్యలు యంత్రంలో ఎలా నిలుస్తాయి. సంఖ్య సంఖ్యలాగే నిలుస్తుంది, ఇంకెలా నిలుస్తుంది అనుకుని నూట ఇరవై తొమ్మిదికి దూకాను.

నా మొదటి ప్రోగ్రాం తలుపు తెరిచింది. మూయడం నేర్పడం మర్చిపోయాను. చోడిశెట్టి వాళ్ళ పదకొండెకరాల వరి పోయింది. బడిలో తప్పు చేస్తే మార్కులు పోతాయి, ఇక్కడ పక్కింటాయన పంట పోతుంది. ఆయన ఏడాదిపాటు నాతో మాట్లాడలేదు. ఆ ఏడాదిలో నేర్చుకున్నంత నేను మళ్ళీ ఎప్పుడూ నేర్చుకోలేదు.

"మీ బళ్ళో ఎన్ని ప్రోగ్రాములు రాశారమ్మా?" అన్నాను.

"మేం రాయమండీ, అడుగుతాం. సహాయకుడు రాస్తాడు. సరిగా అడిగామా లేదా అన్నదానికే మార్కులు."

"అది తప్పు రాస్తే?"

"రాయదండీ," అంది. కాసేపాగి, "బళ్ళో రాయలేదు," అంది.

పంచమి. ఉప్పు 463.

చదువుకోనివాడికి తెలిసిన పద్ధతి ఒకటే, పుల్ల పాతడం. కట్ట బయట బురదలో గీతలు పెట్టిన వెదురు పాతి, మూడు రోజులు పొద్దునా సాయంత్రం నీళ్ళు ఎప్పుడు పెరగడం మొదలవుతాయో చూశాను. ఎస్తేరు కూడా బురదలో దిగింది. చెప్పు ఒకటి పోగొట్టుకుంది. రెండోది ఎందుకని అదీ విసిరేసింది. అప్పటి నుంచి నాకు నచ్చింది.

ఆమె పలకలో ఈ ఏటి పోటుల పట్టిక ఉంది. వెదురు చెప్పిన వేళ, పట్టిక చెప్పిన వేళ నిమిషం తేడా లేకుండా కలిశాయి.

"సముద్రం వేళకే వస్తోందండీ," అంది. "మీ తలుపులే పావుగంట ఆలస్యంగా మూసుకుంటున్నాయి."

ఐదేళ్ళుగా సముద్రాన్ని తిడుతున్నాం. క్షమాపణ ఎలా చెప్పాలో తెలియలేదు. ఇంటికెళ్ళి పడుకున్నాను.

సప్తమి. ఉప్పు 468.

పోటు పస తగ్గింది. అష్టమి దగ్గర ఎప్పుడూ ఇంతే, అందుకే అంకె నెమ్మదిగా పెరుగుతోంది. దీన్ని చూసి ఊళ్ళో వాళ్ళు గండం గడిచిందంటున్నారు. పౌర్ణమి ఎక్కడికీ పోలేదు.

తప్పు తలుపులదేమోనని ఆరింటి పళ్ళచక్రాలూ విప్పించి, తుప్పు గీకించి, గ్రీజు పెట్టించాను. ఆజ్ఞ అందాక మూసుకోవడానికి నాలుగు నిమిషాలు. ఇరవై ఏళ్ళ కిందటా నాలుగే. చిన్నల్లుడు కూడా నాలుగే. వాణ్ణి అనవసరంగా ఆడిపోసుకున్నాను.

ఇక మిగిలింది ప్రోగ్రాం. అంటే నేను.

మహానవమి. ఉప్పు 471.

ఎస్తేరు రెండు రోజులు కూర్చుని నా ప్రోగ్రాం అంతా సహాయకుడి చేత చదివించింది. అది చెప్పింది ఒకటే మాట: తర్కంలో దోషం లేదు. సంతోషించాలో ఏడవాలో అర్థం కాలేదు. ముప్పై ఏళ్ళ తర్వాత నాకు మార్కులేసిన మొదటి గురువు అదే, పూర్తి మార్కులేసింది, చెరువేమో ఉప్పగా అవుతోంది.

మా ఆవిడ మాణిక్యం ఇడ్లీలు తెచ్చింది. తెచ్చి, యంత్రం పెట్టె వైపు చూసి దణ్ణం పెట్టింది.

"ఇవాళ నవమి. ఐదేళ్ళయింది దీనికి పూజ లేక," అంది. "అలిగింది."

"యంత్రాలు అలగవండీ," అంది ఎస్తేరు, నోట్లో ఇడ్లీతో.

"ఐదేళ్ళు తలంటు పోయకపోతే నువ్వలగవా?"

ఇదొకటి చెప్పాలి. ఏటా మహానవమికి ఇక్కడ ఆయుధపూజ చేసేవాళ్ళం. పాటు వేళ తలుపులు తెరిచి ఉండగా యంత్రం ఆపేసేవాళ్ళం. దుమ్ము తుడిచి, పసుపు కుంకాలు పెట్టి, గుమ్మడికాయ కొట్టి, గంట తర్వాత మళ్ళీ వేసేవాణ్ణి. వేయగానే అది టైమెంత అని అడుగుతుంది, గోడ గడియారం చూసి కొట్టేవాణ్ణి. ఐదేళ్ళ కిందట ఉత్తర్వు వచ్చింది. నీటి యంత్రాలు ఒక్క నిమిషం కూడా ఆపకూడదు. పట్టా లేనివాళ్ళు రాసిన ప్రోగ్రాములకు సీలు, ఎవరూ ముట్టుకోకూడదు. పూజ పేరుతో పని ఆపడం మూఢనమ్మకం అని కింద ఒక వాక్యం. ఆ వాక్యానికి మాణిక్యం ఇంకా వాళ్ళను క్షమించలేదు.

"మీ మతంలో పనిముట్లకి పూజ లేదా అమ్మా?" అని అడిగింది ఎస్తేరుని.

"ఆదివారం ఆపుతాం మామ్మగారూ, మనుషుల్ని."

"అదీ మంచిదే. ఈయన్ని ఎవరూ ఆపలేదు ఇన్నేళ్ళూ."

దశమి. ఉప్పు 480.

పోటు మళ్ళీ బలం పుంజుకుంటోంది. పౌర్ణమికి ఐదు రోజులు. ఈ లెక్కన ఆ రెండు మూడు పోటుల్లోనే ఆరొందలు దాటుతుంది.

మధ్యాహ్నం ఎస్తేరు పలక మూసేసి, ఊరికే కూర్చుంది. అలిసిపోయింది. నేనూ అలిసిపోయాను. అలిసిపోయినప్పుడు మనుషులు తెలివైన ప్రశ్నలు మానేసి మామూలువి అడుగుతారు.

"తాతగారూ, దీనికి టైం ఎవరు చెప్తారు?"

"అదే లెక్కపెట్టుకుంటుంది. లోపల ఒక టిక్కు ఉంది, సెకనుకి పదిసార్లు కొడుతుంది. కొట్టినప్పుడల్లా సెకనులో పదో వంతు కలుపుకుంటూ పోతుంది."

"పదో వంతా? సున్నా పాయింట్ ఒకటి?"

"ఆఁ. పదిసార్లు కలిపితే ఒక సెకను. మూడో క్లాసు లెక్క. నేను ఐదు దాకా చదివాను."

ఆ అమ్మాయి మొహం మారిపోయింది. పలక తీయలేదు. నా చిట్టా వెనక అట్ట మీద పెన్సిలుతో రాయడం మొదలుపెట్టింది. నాలుగేళ్ళలో మొదటిసారి చేత్తో లెక్క చేస్తున్నట్టుంది, కొట్టేసి మళ్ళీ రాసింది.

"ఒకటిని మూడుతో భాగించండి తాతగారూ."

"సున్నా పాయింట్ మూడు మూడు మూడు మూడు..."

"ఎక్కడాగుతుంది?"

"ఆగదు."

"ఎక్కడో ఒకచోట మీరు ఆపాలి కదా. ఆపితే కొంచెం తగ్గుతుంది. మనకి మూడో వంతు ఎలాగో, యంత్రానికి పదో వంతు అలాగ. అది రెండంకెలతోనే లెక్కపెడుతుంది, సున్నా, ఒకటి. దాని భాషలో పదో వంతు ఎప్పటికీ పూర్తవదు. ఈ పాత పెట్టెలో చోటు తక్కువ, తోక కత్తిరించి పెట్టుకుంటుంది. మీరు పదో వంతు అనుకుంటున్నారు, అది పదో వంతు కన్నా వెంట్రుకవాసి తక్కువ కలుపుతోంది. ఏడాదికి ముప్పై ఒక్క కోట్ల సార్లు."

"వెంట్రుకలన్నీ కలిపితే?"

పెన్సిలుతో కింద గీత గీసింది. "ఏడాదికి మూడు నిమిషాలు. ఐదేళ్ళకి పావుగంట."

ఇద్దరం గోడ గడియారం కేసి చూశాం. తర్వాత యంత్రాన్ని దాని టైం అడిగాను. ముప్పై ఏళ్ళలో దాన్ని ఎప్పుడూ అడగలేదు, అదే నన్ను అడిగేది. గోడ మీద రెండూ నలభై. దానికి రెండూ ఇరవై ఐదు.

"మరి మీ సహాయకుడికెందుకు దొరకలేదు?"

"ఇప్పటి యంత్రాల్లో చోటు ఎక్కువ, తోక పొడుగ్గా ఉంటుంది. ఇంత చిన్న పెట్టె ఇంకా ఎక్కడో నడుస్తోందని దానికి తెలీదు. నాకు..." ఆగింది. "నాకు రెండో ఏడు రెండో పాఠంలోనే ఉంది. పదికి పది వచ్చాయి. ఇది ఎవరైనా నిజంగా చేస్తారని ఎప్పుడూ అనుకోలేదు."

"చేసేవాళ్ళు మీ బళ్ళో చేరరమ్మా."

మాణిక్యానికి చెప్పాను. ఏటా ఆయుధపూజకి ఆపి, గోడ గడియారం చూసి మళ్ళీ వేసినప్పుడల్లా ఆ మూడు నిమిషాలూ తుడిచిపెట్టుకుపోయేవి, ఉత్తర్వుతో పూజ ఆగింది, తప్పు పేరుకుంది అని.

"నేను నవమి నాడే చెప్పానుగా," అంది.

ఏకాదశి. ఉప్పు 494.

పుస్తకం చూపించమంది. చూపించాను. విషయసూచికలో ఆ పాఠం పేరు మీద వేలు పెట్టి చాలాసేపు ఉంచింది. చెక్కముక్కని అటూ ఇటూ తిప్పింది.

"మొత్తం ఇందులోనే ఉండుంటుంది తాతగారూ."

"ఉండుంటుంది. ముప్పై రెండేళ్ళు నా బల్ల మీదే ఉంది."

పైఆఫీసుకి తీగ మీద మాట్లాడింది. యంత్రం ఒక గంట ఆపాలి, ఒక్క వరస మార్చాలి అని. దరఖాస్తు పెట్టుకోమన్నారు. పరిశీలనకి ఇరవై ఒక్క పనిదినాలు. పౌర్ణమి నాలుగు రోజుల్లో అంది. పౌర్ణమి వాళ్ళ పరిధిలోకి రాదన్నారు.

"నేను ఆపేస్తాను," అన్నాను. "నాకు పట్టా లేదు. లేనిదాన్ని ఎవరు పీకుతారు?"

"నన్ను పంపేటప్పుడు సీలు నా పేరు మీదికి మార్చారండీ. మీరు ముట్టుకుంటే మిమ్మల్ని జైల్లో పెడతారు. నేను ముట్టుకుంటే నా పట్టా పోతుంది, అంతే."

"అంతేనా? నాలుగేళ్ళు, అరవై ఒక్క పేపర్లు."

"మా నాన్న వలలు అల్లి చదివించాడు," అంది. ఇలాంటి చోట ముసలాళ్ళు సలహా ఇవ్వకూడదు, ఇస్తే మనకి కావలసిందే ఇస్తాం.

ద్వాదశి. ఉప్పు 515.

ఏమీ జరగలేదు. ఆ అమ్మాయి రోజంతా చెరువు గట్టున కూర్చుంది. నీళ్ళకొచ్చిన ఆడవాళ్ళు పలకరిస్తే పలికింది. ఒకావిడ బిందె ముంచి, రుచి చూసి, ఉమ్మేసి, అయినా నింపుకుని వెళ్ళిందట. సాయంత్రం వచ్చి అడిగింది.

"తాతగారూ, ఆయుధపూజ నవమి దాటాక చేయొచ్చా?"

"యంత్రానికి తిథి తెలియదమ్మా. టైమే తెలియదు."

త్రయోదశి. ఉప్పు 538.

మధ్యాహ్నం పాటు. తలుపులు ఆరూ తెరిచి ఉన్నాయి, లోపలి నీళ్ళు బయటికి పోతున్నాయి. ఆపిన యంత్రం వేళకి మళ్ళీ లేవకపోతే తలుపుల్ని చేత్తో దించాలి. అందుకని చక్రానికి ఆరుగురు చొప్పున ముప్పై ఆరుమందిని నిలబెట్టాను. మా తాత తిప్పిన చక్రాలే. వాటికి కూడా పసుపు పెట్టింది మాణిక్యం.

ఎస్తేరు బిళ్ళ తీసి బల్ల మీద పెట్టింది. మీట తనే నొక్కింది. ఐదేళ్ళుగా చెవుల్లో ఉన్న రొద ఆగింది. ఆ నిశ్శబ్దంలో మోకాళ్ళ నొప్పి వినిపించింది.

ప్రోగ్రాం తెరిచాం. ఆమె వేళ్ళకి హక్కుంది, నా వేళ్ళకి అలవాటుంది. ఆమె సొంత చేత్తో ఒక్క వరస కూడా రాసి ఎరగదు. ఒక వేలితో మీట వెతుక్కుంటూ కొడుతోంది, నేను పక్కనుంచి చెబుతున్నాను. ఏం కొట్టాలో మాత్రం ఆమే చెప్పింది. పదో వంతులు కలపొద్దు. టిక్కుకి ఒకటి చొప్పున లెక్కపెట్టు. ఒకటిని యంత్రం పూర్తిగా పట్టుకోగలదు. సెకన్లు కావలసినప్పుడు మొత్తాన్ని పదితో భాగించు.

ఒకే ఒక్క వరస. కొట్టడానికి పదిహేను నిమిషాలు. రెండుసార్లు తప్పు కొట్టింది, నేను నవ్వలేదు. నా మొదటి వరసకి నాలుగు రోజులు పట్టింది.

మాణిక్యం బొట్టు పెట్టి, గుమ్మడికాయ కొట్టింది. ఎస్తేరు చేతులు కట్టుకుని నిలబడి, తన దేవుడికి తను ఏదో చెప్పుకుంది. యంత్రం వేశాం. టైమెంత అని అడిగింది. గోడకేసి చూసి ఆమే కొట్టింది.

తర్వాత రిపోర్టు రాసింది. తుపానో, కరెంటో అని రాయొచ్చు కదా అన్నాను. "ఆపాను. కారణం తెలిసి ఆపాను," అని రాసి, కింద లెక్క వేసింది, పెన్సిలుతో చేసినట్టే. ప్రోగ్రాంలో తప్పు ఎవరిది అన్నచోట ఆగింది.

"నాదని రాయమ్మా. ముప్పై ఏళ్ళ నుంచీ నాదే."

రాసింది. దాని కింద, ఏటా ఆపి వేసినన్నాళ్ళూ ఆ తప్పు మూడు నిమిషాలు దాటలేదు, ఆపొద్దన్న ఉత్తర్వు తర్వాతే పేరుకుంది అని కూడా రాసింది.

పౌర్ణమి. ఉప్పు 541.

పొద్దున పోటు. జనం కట్ట మీదికొచ్చారు. కొందరు మూటలు కట్టుకునే వచ్చారు. వెదురు దగ్గర నీళ్ళు నిలిచిపోయాయి, ఇంకా ఎక్కలేదు, దిగడం మానేశాయి. అప్పుడు తలుపులు కదిలాయి. నాలుగు నిమిషాలు. చిన్నల్లుడు అందరికన్నా ముందు అడుగంటాడు, పళ్ళు నూరినంత చప్పుడుతో. మొదటి అల వచ్చి మూసిన తలుపుని కొట్టింది.

సాయంత్రం మీటరు 541. మూటలు విప్పుకోవడానికి వెళ్ళారు. నేను కట్ట మీదే కాసేపు కూర్చున్నాను, లేచే ఓపిక లేక.

బహుళ విదియ. ఉప్పు 533.

పైఆఫీసు జవాబు వచ్చింది. వాళ్ళు త్వరగా చేసే పని ఇదొకటి ఉంది. ఎస్తేరు పట్టా ఆరునెలలు నిలుపుదల. ఎగువబడికి తిరిగొచ్చి నియమాల పేపరు మళ్ళీ రాయాలి. నేను యంత్రం పెట్టె పట్టా ఉన్నవాళ్ళకి అప్పగించాలి, అలాంటివాళ్ళు దొరికేదాకా తాత్కాలికంగా కొనసాగాలి. మా బావమరిదికి కబురు పంపాను, నేనూ మీ జట్టేనని.

పడవకి ఇంకా గంట ఉంది. మాణిక్యం ఇడ్లీ పాత్ర పొయ్యి మీద పెట్టింది. ఆవిరి చూసి ఎస్తేరు పుస్తకం తెమ్మంది. చెక్కముక్కని ఆవిరి మీద పట్టుకుని, అంచు మెత్తబడినప్పుడల్లా హెయిర్‌పిన్నుతో ఒక్కొక్క పేజీ లేపింది. ఇడ్లీలు ఉడకలేదని మాణిక్యం గొణిగింది. పదహారు పేజీలూ ఊడి వచ్చాయి. ఒక్కటే మూల చిరిగింది.

నూట పదిహేడో పేజీలో ఉంది. సున్నా పాయింట్ ఒకటి, కత్తిరించిన తోక, హెచ్చరిక, అన్నీ. పేజీ పక్కన ఎవరో పిల్లవాడో పిల్లో, పాత బడిలో ఆ పుస్తకం చదివినవాళ్ళు, నీలి సిరాతో రాసుకున్నారు. నీళ్ళకి కొంచెం పాకింది గానీ చదవడానికి వీలుగానే ఉంది.

"ఇది పరీక్షకి రాదు. వదిలెయ్."

ఎస్తేరు మొదట నవ్వింది. తర్వాత కొంచెంసేపు నవ్వలేదు. పేజీలు మళ్ళీ అతుక్కోకుండా మధ్య మధ్య పాత చిట్టా కాగితాలు పెట్టి నా చేతికిచ్చి, ఉత్త పాదాలతోనే పడవెక్కింది. చెప్పులు ఇప్పటికీ కొనుక్కోలేదు.

"పేపరు బాగా రాయమ్మా," అన్నాను.

"మీరు?"

కళ్ళజోడు తుడుచుకుని బల్ల దగ్గర కూర్చున్నాను. నూట పదమూడో పేజీ, మొదటి వరస. నెమ్మదిగా చదువుతాను. నాకెలాగూ పరీక్ష లేదు.